సంతకం పెట్టాక నొప్పి అని చెప్పొచ్చా?

“అన్నా, ఇంట్లో మాత్రం చెప్పొద్దు.”

పోయిన వేసవిలో ఒక శనివారం రాత్రి, కడపలో మా చిన్నాయన ఇంటి మిద్దె మీద పడుకుని ఉంటే మా తమ్ముడు అన్న మాట ఇది. నాది కర్నూలు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఊరికి వచ్చినప్పుడల్లా కడపలో ఒక రాత్రి ఉండి పోవడం అలవాటు. వాడికి 17 ఏళ్లు. కుడి చేతి ఫాస్ట్ బౌలర్. ఆరడుగులకు ఒక్క అంగుళం తక్కువ. వాడు పరిగెత్తుకుంటూ వచ్చి బంతి వేస్తే మా వీధిలో ప్యాడ్లు లేకుండా ఎవరూ నిలబడరు.

ఆ రాత్రి మాత్రం పక్కకు తిరిగి పడుకోవడానికి కూడా కష్టపడుతున్నాడు. ఏమైందిరా అంటే ముందు ఏమీ లేదన్నాడు. తర్వాత నడుముకు ఎడమ పక్క చెయ్యి పెట్టి, “నెల రోజులైంది అన్నా. వెనక్కి వంగితే సూదితో పొడిచినట్టు ఉంటాంది” అన్నాడు.

మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదు? ఒక ప్రైవేటు టీ20 టోర్నీకి ఒక జట్టు నిర్వాహకుడు వీణ్ని తీసుకున్నాడు. 40 వేలు అడ్వాన్సు. చిన్నాయన కాగితం మీద సంతకం పెట్టినాడు. ఆ డబ్బు అప్పటికే బోరు మోటారుకు పోయింది. టోర్నీ ఇంకా 12 రోజుల్లో ఉంది.

“ఇప్పుడు నొప్పి అంటే దుడ్లు తీసుకుని నాటకాలు ఆడతాండామని అనరా?” అన్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. మనకు తెలిసిన పని ఒకటే కదా. ఫోన్ తీసి ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను. పెద్ద ఒప్పందం దొరికిన వెంటనే గాయపడిన ఆటగాళ్లు ఎవరెవరు? పొద్దున వీడికి చూపించి భయపెడదామని నా ఆలోచన.

నా జాబితాలో ఎవరున్నారంటే

మొదటి పేరు వెతుక్కోవాల్సిన పని లేదు. దీపక్ చాహర్. 2022 ఫిబ్రవరి 12న ఐపీఎల్ వేలంలో చెన్నై సూపర్ కింగ్స్ అతనికి 14 కోట్లు పెట్టింది. సరిగ్గా ఎనిమిది రోజులకు, ఫిబ్రవరి 20న, కోల్‌కతాలో వెస్టిండీస్‌తో మూడో టీ20 ఆడుతూ రెండో ఓవర్ పూర్తి కాకుండానే తొడ పట్టుకుని మైదానం వదిలాడు. కోలుకునే ప్రయత్నంలో ఉండగానే నడుముకూ దెబ్బ. ఆ ఏడాది ఐపీఎల్‌లో ఒక్క బంతి వేయలేదు.

రెండో పేరు మయాంక్ యాదవ్. 2024లో లక్నో తరఫున గంటకు 156.7 కిలోమీటర్ల వేగంతో బంతి వేసి దేశాన్నంతా టీవీ ముందు కూర్చోబెట్టిన కుర్రాడు. ఆ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లకే ఆగిపోయాడు. అప్పుడు అతని ధర 20 లక్షలు. తర్వాతి సీజన్‌కు లక్నో 11 కోట్లకు అట్టిపెట్టుకుంది. 2025లో ఆడగలిగింది రెండే మ్యాచ్‌లు. మళ్లీ నడుమే.

మూడోది మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. 20 లక్షలకు ఆడుతున్నవాణ్ని 2024 అక్టోబరు 31న సన్‌రైజర్స్ 6 కోట్లకు నిలుపుకుంది. డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడు. గ్యాలరీలో వాళ్ల నాన్న కన్నీళ్లు చూసి మా జేజి కూడా ఏడ్చింది. ఆ తర్వాత చూడండి. 2025 జనవరిలో చెన్నైలో ప్రాక్టీసు చేస్తూ పక్క కండరం పట్టేసింది, ఇంగ్లండ్‌తో టీ20 సిరీస్ పోయింది. జూలైలో ఇంగ్లండ్‌లో జిమ్‌లో మోకాలికి దెబ్బ, మిగిలిన టెస్టులు పోయాయి. అక్టోబరులో ఆస్ట్రేలియాలో తొడ కండరం.

ఫుట్‌బాల్ చూసేవాళ్లకు నేమార్ గుర్తుండే ఉంటాడు. 2023 ఆగస్టులో సౌదీ క్లబ్ అల్ హిలాల్ అతని కోసం పారిస్ జట్టుకు సుమారు 9 కోట్ల యూరోలు ఇచ్చింది. అక్టోబరు 17న బ్రెజిల్‌కు ఆడుతూ మోకాలి లిగమెంట్ తెగింది. 2025 జనవరిలో ఒప్పందం రద్దు చేసుకుని వెళ్లిపోయేనాటికి ఆ క్లబ్‌కు అతను ఆడినవి ఏడు మ్యాచ్‌లు.

రాత్రి రెండున్నరకు జాబితా భలే కుదిరింది అనుకున్నాను. డబ్బు వచ్చింది, దెబ్బ తగిలింది. మా ఊళ్లో అయితే దిష్టి తగిలింది అంటారు. కొంచెం కోపంగా మాట్లాడేవాళ్లు “కోట్లొచ్చినాక ఒళ్లు వంగదులే” అంటారు.

షీట్‌లో తప్పు దొరికింది

పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ చూస్తే, ఆఫీసులో జూనియర్ చేస్తే తిట్టేంత తప్పు నేనే చేశానని అర్థమైంది. నేను గాయపడినవాళ్లనే వెతికాను. కోట్లు తీసుకుని హాయిగా ఆడినవాళ్లు వార్తల్లోకి రారు కాబట్టి నా షీట్‌లోకీ రాలేదు.

హైదరాబాదీ సిరాజ్‌నే తీసుకోండి. 2024 నవంబరు వేలంలో గుజరాత్ టైటాన్స్ అతనికి 12.25 కోట్లు ఇచ్చింది. ఆ ఐపీఎల్ అయ్యాక ఇంగ్లండ్ వెళ్లి ఐదుకు ఐదు టెస్టులూ ఆడాడు. 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో ఆఖరి రోజు 6 పరుగులతో గెలిపించాడు. కోట్లు వచ్చాక ఒళ్లు వంగదు అనేవాళ్లకు అంతకంటే జవాబు ఏం కావాలి?

ఇంకో జంట ఉంది. 2019 జనవరిలో గుంటూరు కిదాంబి శ్రీకాంత్, చైనా కంపెనీ లీ-నింగ్‌తో నాలుగేళ్లకు 35 కోట్ల ఒప్పందం చేసుకున్నాడని పత్రికలు రాశాయి. నెల తిరక్కుండా పి.వి. సింధు అదే కంపెనీతో నాలుగేళ్లకు దాదాపు 50 కోట్లకు కుదిరిందని వచ్చింది. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరిదీ ఒకే అకాడమీ, ఒకే కంపెనీ, ఒకే ఏడాది. ఏమైంది? ఆగస్టులో బాసెల్‌లో సింధు ప్రపంచ చాంపియన్ అయింది. శ్రీకాంత్ మోకాలి నొప్పితో సెప్టెంబరులో చైనా, కొరియా టోర్నీలు వదులుకున్నాడు.

అంటే తప్పు సంతకంలో లేదు. నితీశ్ విషయమే చూడండి. అతని మొదటి దెబ్బ 6 కోట్లకు ముందుదే. 2024 ఐపీఎల్ అయ్యాక జింబాబ్వే టూరుకు తొలిసారి భారత జట్టులోకి పిలుపు వస్తే, హెర్నియా వల్ల వెళ్లలేకపోయాడు. అప్పటికి అతను 20 లక్షల ఆటగాడే. మయాంక్ కథ కూడా అంతే. కోట్ల కంటే దెబ్బే ముందు వచ్చింది.

మరి డబ్బుకూ దెబ్బకూ సంబంధమే లేదా? ఉంది. కానీ మనం అనుకునే రకంగా కాదు. పెద్ద ఒప్పందం ఎప్పుడు వస్తుంది? ఆటగాడు జీవితంలోనే ఎక్కువ ఆడిన ఏడాది అయిపోగానే. పోయిన ఏడాది ఎంత పని చేశాడో చూసి జట్టు ధర కడుతుంది. అతని ఒళ్లు కూడా పోయిన ఏడాది పనినే లెక్క పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

ఎముక లెక్కలు

ఫాస్ట్ బౌలర్ బంతి వదిలేటప్పుడు ముందు కాలు నేలను తాకే ఆ క్షణంలో, ఒంటి బరువుకు ఎన్నో రెట్ల బలం కాలి గుండా నడుములోకి పోతుంది. అదే సమయంలో నడుము వెనక్కి, పక్కకు వంగి మెలి తిరుగుతుంది. ప్రతి బంతికీ ఎముకలో కంటికి కనిపించనంత చిన్న నష్టం జరుగుతుంది. విశ్రాంతిలో ఒళ్లు దాన్ని బాగు చేసుకుంటుంది, ముందుకంటే గట్టిగా కూడా చేసుకుంటుంది. బాగు చేసుకునే వేగం కంటే నష్టం వేగం పెరిగితే మాత్రం ముందు వాపు, తర్వాత సన్నని చీలిక. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. కుడి చేత్తో వేసేవాళ్లకు ఇది ఎక్కువగా నడుము ఎడమ పక్క వస్తుంది. వయసు ఇరవైల మధ్యకు వచ్చేదాకా వెన్ను ఎముకలు పూర్తిగా గట్టిపడవు కాబట్టి కుర్ర బౌలర్లకు ముప్పు ఎక్కువ.

కోచ్‌లు వాడే లెక్క ఒకటుంది. ఈ వారం వేసిన బంతులను, గత నాలుగు వారాల సగటుతో భాగించండి. ఒకటికి అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. ఒకటిన్నర దాటితే జాగ్రత్త పడాలి. ఈ అంకె ఎంత కచ్చితం అన్నదాని మీద నిపుణుల్లో వాదనలు ఉన్నాయి. కానీ పనిని ఒక్కసారిగా పెంచొద్దన్న మాట మాత్రం నిలబడింది.

మా వాణ్ని అడిగి లెక్క వేశాను. అడ్వాన్సు రాకముందు వారానికి 20 ఓవర్లు, అంటే 120 బంతులు. అడ్వాన్సు వచ్చాక పొద్దున అకాడమీ, సాయంత్రం ఆ జట్టు నెట్స్. వారానికి 45 ఓవర్లు, 270 బంతులు. రెండుంపావు రెట్లు! మా ఆఫీసులో ఏ సర్వర్ మీదైనా లోడ్ ఒక్క వారంలో ఇంత పెరిగితే రాత్రికి రాత్రి అందరికీ అలర్ట్‌లు పోతాయి. వీడి ఒంట్లో కూడా అలర్ట్ వచ్చింది. వీడే మ్యూట్ చేసినాడు.

ఇంగ్లండ్ బోర్డు 16, 17 ఏళ్ల ఫాస్ట్ బౌలర్లకు ఒక స్పెల్‌లో 7 ఓవర్లు, రోజుకు 18 ఓవర్లు దాటకూడదని నియమం పెట్టింది. కౌంటీ క్రికెట్ ఆడే పిల్లలకు ఇంత లెక్క ఉంటే, కడప ఎండలో గట్టి నేల మీద వేసే మా వాడికి లెక్క చూసేవాళ్లే లేరు.

ఆగే హక్కు ఎవరిది?

2025 ఇంగ్లండ్ సిరీస్‌లోనే ఇంకో విషయం గమనించారా? బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడాడు. అది ముందే అనుకున్న లెక్క. ఆ జనవరిలో సిడ్నీలో నడుము పట్టేసి మధ్యలో ఆగిపోయిన మనిషి. దీని మీద సోషల్ మీడియాలో ఎన్ని మాటలు అన్నారో మీకు తెలుసు. అయినా ఆగగలిగాడు. ఎందుకంటే అతను బుమ్రా. మూడే ఆడతానంటే బోర్డు వింటుంది.

పెద్ద ఆటగాడికి వెనకాల ఫిజియోలు, స్కానింగులు, బెంగళూరులో బోర్డు శిక్షణ కేంద్రం ఉంటాయి. బోర్డు కాంట్రాక్టు ఉన్నవాళ్లు దేశానికి ఆడుతూ గాయపడి ఐపీఎల్ పోగొట్టుకుంటే నష్టం పూడ్చే బీమా ఏర్పాటు కూడా ఉంది. ఇన్ని ఉన్నా వాళ్లు కూడా నొప్పి దాచుకుని ఆడిన రోజులు లేకపోలేదు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సింధు ఎడమ కాలి నొప్పితోనే స్వర్ణం గెలిచింది. తర్వాత తేలింది స్ట్రెస్ ఫ్రాక్చర్ అని. ఆ నెలలోనే ఉన్న ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుంది. మళ్లీ కోర్టులోకి వచ్చేసరికి 2023 జనవరి. దేశం కోసం ఆ స్వర్ణం విలువ ఆమెకే తెలుసు, దాన్ని నేను తూకం వేయను. కానీ ఐదు నెలలు మాత్రం ఖర్చయినాయి.

సింధు దగ్గరే ఇట్లా ఉంటే, 40 వేల అడ్వాన్సు తీసుకున్న 17 ఏళ్ల పిల్లోడు నోరు ఎట్లా తెరుస్తాడు? మొత్తం చిన్నదైనా, ఆ ఇంటికి అది చిన్నది కాదు. బోర్లో నీళ్లు అడుగంటే చోట, ఒక్క సంతకం ఒక పంట కింద లెక్క. చిన్న ఒప్పందాల్లో పెద్ద ఒప్పందాల ఒత్తిడి అంతా ఉంటుంది, రక్షణ ఒక్కటీ ఉండదు.

ఇప్పుడు ఈ మాట మా దగ్గర ఇంకా ముఖ్యం. 2022లో ఆంధ్రా ప్రీమియర్ లీగ్ మొదలైనప్పటి నుంచి వేలం అనే మాట మా వీధుల్లోకి వచ్చేసింది. కడప జిల్లా పల్లె నుంచి వెళ్లిన శ్రీ చరణి 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసి కప్పుతో తిరిగొచ్చింది. అంతకుముందు ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను 55 లక్షలకు తీసుకుంటే, కప్పు గెలిచిన నెలలోనే జరిగిన వేలంలో అదే జట్టు 1.30 కోట్లు పెట్టింది. కడపలో ఆడపిల్లల చేతుల్లో కూడా బంతులు కనిపిస్తాయి ఇప్పుడు. నాకైతే భలే సంతోషం. ఆ పిల్లల్లో కొందరికి రేపు ఎవరో ఒకరు కాగితం చేతికిస్తారు. అందులో ఎన్ని మ్యాచ్‌లు ఆడాలో రాసి ఉంటుంది. ఎప్పుడు ఆగొచ్చో రాసి ఉండదు.

రెండు పళ్ల ఎద్దు

ఆదివారం పొద్దున తమ్ముడికి ఇచ్చిన మాట తప్పాను. చిన్నాయనకు చెప్పేశాను.

“నేను ఒప్పుకుని సంతకం పెట్టినా నాయనా. పన్నెండు దినాల్లో టోర్నీ పెట్టుకుని ఇప్పుడు రామంటే మాట పోతాది” అన్నాడు. “అయినా ఈ వయసులో నొప్పులు ఉండవా? మేం మూటలు మోయలేదా?”

నా ఎక్సెల్ షీట్ చూపించాను. నేమార్ ఎవరని అడిగాడు. షీట్ మూసేశాను.

చిన్నాయన ఒకప్పుడు బండలాగుడు పోటీలకు ఎద్దులు మేపినవాడు. కర్నూలు, కడప జిల్లాల్లో జాతర అంటే ఆ పోటీ ఉండాల్సిందే. ఆ పోటీల్లో ఎద్దులను పళ్లు చూసి విడగొడతారు. పాల పళ్లవి వేరు, రెండు పళ్లవి వేరు, నాలుగు, ఆరు పళ్లవి వేరు. వయసును బట్టి బండ.

“చిన్నాయనా, రెండు పళ్ల ఎద్దుకు సీనియర్ల బండ కట్టినావా ఎప్పుడన్నా?”

“ఎవడన్నా కడతాడా? నడుము పోతాది” అన్నాడు వెంటనే. అని ఆగిపోయినాడు.

పిన్నమ్మ వంటింట్లోంచి వచ్చింది. కొడుకును చూసింది. “అది నోరు లేని జీవి. నీకు నోరుంది కదరా, ఎందుకు సెప్పల్యా?” అంది.

వాడు తల వంచుకున్నాడు. సమాధానం వాడి దగ్గర కాదు, మా దగ్గర ఉందని ముగ్గురికీ అర్థమైంది. మోటారు బిగించిన రోజు ఇంట్లో అందరం వాడి వీపు తట్టి “మా ఇంటికి నీళ్లు తెచ్చినావు” అన్నాం. వీడియో కాల్‌లో నేనూ అన్నాను.

కర్నూలులో ఎంఆర్‌ఐ తీయించాం. ఎముకలో వాపు మొదలైంది, చీలిక ఇంకా రాలేదు. “ఇంకో పది రోజులు ఇట్లే వేసి ఉంటే మూడు నెలలు కాదు, ఏడాది అయ్యేది” అన్నాడు డాక్టర్. మూడు నెలలు బంతి ముట్టుకోవద్దు. తర్వాత మళ్లీ స్కాన్.

చిన్నాయన తనే పోయి నిర్వాహకుడితో మాట్లాడినాడు. 20 వేలు నేను సర్దాను, మిగతాది పంటకు ఇస్తామన్నారు. ఆయన ముఖం మాడ్చుకున్నాడంట. అది ఆయన తప్పు అని కూడా నేను అనను. కాగితంలో గాయం అనే పదమే లేనప్పుడు ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడతారు.

సంతకానికి ముందు అడగాల్సినవి

మీరో, మీ తమ్ముడో చెల్లెలో ఏదైనా జట్టుకు ఒప్పుకునే ముందు, మొత్తం ఎంత అన్నదానితో పాటు ఇవి కూడా అడగండి.

గాయపడితే వైద్యం ఖర్చు ఎవరిది? అడ్వాన్సు తిరిగి ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి? నోటిమాట కాదు, కాగితం మీద రాయించండి.

ఆడాలా వద్దా అని చెప్పేది ఎవరు? జట్టు యజమాని కాకుండా డాక్టరో ఫిజియోనో అయి ఉండాలి.

వారానికి ఎన్ని బంతులు? ఫోన్‌లో నోట్స్ తెరిచి రోజూ రాసుకోండి. పాత సగటు కంటే ఒక్కసారిగా పెరిగితే ఆగండి. ఫాస్ట్ బౌలర్‌కు నడుములో ఒకే చోట, వెనక్కి వంగినప్పుడు నొప్పి వస్తుంటే దాన్ని “పట్టేసింది” అని వదిలేయొద్దు. చూపించండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్క మాట. ఆ అడ్వాన్సును ముట్టుకోకుండా కొన్నాళ్లు పక్కన పెట్టగలిగితే పెట్టండి. ఖర్చయిపోయిన డబ్బు పిల్లల నోటికి తాళం వేస్తుంది.

మా వాడు నాతో రెండు వారాలు మాట్లాడలేదు. టోర్నీ జరిగిన రోజుల్లో నా మెసేజ్‌లకు నీలం టిక్కులు వచ్చాయే తప్ప జవాబు రాలేదు. వాడి స్థానంలో ఆడిన అబ్బాయి ఫైనల్‌లో నాలుగు వికెట్లు తీసినాడని నాకు వేరేవాళ్లు చెప్పారు. వాడికి ఎంత మండి ఉంటుందో ఊహించగలను.

మూడో నెల చివర్లో ఒక రాత్రి, ఆఫీసు కాల్ మధ్యలో వాట్సాప్ మోగింది. “అన్నా, శుక్రవారం స్కాన్. ఎడమ పక్క ఇప్పుడు నొప్పి లేదు. కానీ నిన్న పరిగెత్తినప్పుడు కుడి మడమ కొంచెం లాగింది. డాక్టర్‌కు చెప్పాలా?”

చెప్పరా అని టైప్ చేశాను. శుక్రవారానికి సెలవు పెట్టాను.